గైనిక్ డాక్టరు, రోగి సంతకం, చట్టం

గైనిక్ డాక్టరును ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది మందుల చీటీ మీద పేరు కింద ఉండే రిజిస్ట్రేషన్ నంబరు. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం ఈ నంబరు క్లినిక్‌లోనూ, చీటీల మీదా, సర్టిఫికెట్ల మీదా, డబ్బు రసీదుల మీదా కనిపించాలి. రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో ఆ నంబరు సరిచూసుకోవచ్చు. ఎం.బి.బి.ఎస్. ఒక్కటే ఉంటే అది సాధారణ వైద్యానికి సంబంధించిన అర్హత. ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో ఎం.డి., ఎం.ఎస్., డి.ఎన్.బి., డి.జి.ఒ.లలో ఏదో ఒకటి ఉంటేనే నిపుణురాలిగా లెక్క.

పల్లెల్లో ఈ ఎంపిక చాలాసార్లు ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ చేతిలో ఉంటుంది. ఫలానా ఆస్పత్రికే వెళ్లమని అతను చెప్పడం వెనుక కమీషన్ ఉండే అవకాశం లేకపోలేదు. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడం గానీ పుచ్చుకోవడం గానీ అదే నియమావళి ప్రకారం అనైతికం. మందులు ఆస్పత్రి షాపులోనే కొనాలని, పరీక్షలు వాళ్లు చెప్పిన ల్యాబులోనే చేయించాలని పట్టుబట్టడమూ తగదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ఈ రెండింటిలోనూ ఎంపికను రోగికే వదిలింది. మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కునూ గుర్తించింది.

వెళ్లేటప్పుడు వెంట ఉండవలసినవి ఆఖరి నెలసరి తేదీ, పాత స్కానింగ్ రిపోర్టులు, ఇదివరకటి కాన్పు లేదా ఆపరేషన్ డిశ్చార్జి కాగితాలు, బీపీకో షుగర్‌కో థైరాయిడ్‌కో వాడుతున్న మాత్రల పేర్లు. ఏ మందైనా పడకపోతే అది కూడా రాసి పెట్టుకోవాలి. గర్భిణి అయితే రాత్రివేళ కాన్పుకు ఎవరుంటారు, రక్తం ఎక్కడి నుంచి తెస్తారు, మామూలు కాన్పుకెంత, సిజేరియన్‌కెంత అన్నవి మొదటిసారే అడగాలి. ఇవి అడిగితే విసుక్కునే చోట నెలలు నిండాక చేరడం గురించి మరోసారి ఆలోచించుకోవడం మంచిది.

మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు గదిలో మరో స్త్రీ ఉండాలని రోగి కోరవచ్చు. స్కానింగ్‌లో ఆడో మగో అడగడం మాత్రం ఎవరికీ తగదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద చెప్పిన డాక్టరుకే కాదు, చెప్పించుకున్న కుటుంబ సభ్యులకూ మూడేళ్ల దాకా జైలు పడవచ్చు; కుటుంబ సభ్యులకైతే జరిమానా 50,000 రూపాయల దాకా ఉండవచ్చు. గర్భిణిని భర్త, బంధువులే ఒత్తిడి చేశారని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది వాళ్లే.

గర్భస్రావం విషయంలో 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని 1971 నాటి చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఆస్పత్రులు అడుగుతూనే ఉంటాయి. చట్టంలో చెప్పిన కారణాలుంటే 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 2021 సవరణ తర్వాత కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా అవకాశం ఉంది. ఇందులో పెళ్లికాని స్త్రీలను మినహాయించరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ అనవసరమైనవని ఈ అంకెలు చెప్పవు. కానీ తెల్లబట్ట, అధిక రక్తస్రావం అంటూ వెళ్లిన ముప్పై అయిదేళ్ల మనిషికి మందులతో చూద్దామనకుండానే ఆపరేషన్ తేదీ రాసి ఇస్తే ప్రశ్నించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఈ విషయంలో దారి చూపిన తీర్పు 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత అధిక రక్తస్రావంతో ఒక క్లినిక్‌కు వెళ్లింది. కారణం తెలుసుకోవడానికి లాపరోస్కోపీ చేస్తామంటే ఒప్పుకుంది. మత్తులో ఉండగా డాక్టరు సహాయకురాలు బయటికి వచ్చి ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకుంది. రోగికి మెలకువ వచ్చేసరికి గర్భసంచీ అండాశయాలూ తీసేసి ఉన్నాయి. సొంతంగా నిర్ణయం తీసుకోగల వయోజనురాలి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని కోర్టు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు వర్తించదు. ప్రాణం కాపాడటానికో ఆరోగ్యం నిలపడానికో తప్పనిసరై, రోగికి తెలివి వచ్చేదాకా ఆగడం సబబు కాని స్థితిలోనే అనుమతి లేని ఆపరేషన్‌కు మినహాయింపు ఉంటుంది. ఆమెకు దక్కిన పరిహారం 25,000 రూపాయలే. డాక్టరు ఫీజు హక్కు కూడా పోయింది. మొత్తం చిన్నదే గానీ సూత్రం దేశమంతటికీ వర్తిస్తుంది.

కాబట్టి సంతకానికి ముందు డాక్టరు చెప్పవలసినవి ఉన్నాయి: ఏం చేస్తారు, ఎందుకు, వేరే మార్గాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకూడదు. చదువు రానివారికి నింపిన ఫారాన్ని తెలుగులో చదివి వినిపించాలి.

వైద్య రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచడం డాక్టరు బాధ్యత. నడతపై ఫిర్యాదు రాష్ట్ర వైద్య మండలికి, నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. కమిషన్‌లో కేసు కారణం పుట్టిన రెండేళ్లలోపు దాఖలు చేయాలి. వసూలు చేసిన ఫీజు 50 లక్షల లోపయితే కేసు జిల్లాలోనే నడుస్తుంది, 5 లక్షల లోపయితే కోర్టు రుసుము ఉండదు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి మీద మాత్రం అక్కడ కేసు వేయడం కుదరదు. అలాంటి చోట నష్టపరిహారానికి సివిల్ కోర్టును, నడతపై ఫిర్యాదుకు వైద్య మండలిని ఆశ్రయించాలి.