కవచ్: రైలు భద్రతకు స్వదేశీ సాధనం

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ గ్రామంలో పెరిగే విద్యార్థికి రైలుకూత వినిపించదు. ఆ దీవులలో రైళ్లు నడవవు. ఓడపై విశాఖపట్నం చేరిన పిమ్మటనే అతడు తొలిసారిగా రైలు ఎక్కవచ్చు. నాటి నుండి అతని క్షేమం కూడా కోట్లాది ప్రయాణికుల క్షేమం వలెనే రైలు భద్రతా వ్యవస్థపై ఆధారపడుతుంది.

బస్సు వలె రైలు తటాలున ఆగదు. ఉక్కు చక్రానికి, ఉక్కు పట్టాకు నడుమ ఒరిపిడి స్వల్పం. వేగంగా పోయే రైలు బ్రేకు వేసిన తరువాత కూడా దాదాపు ఒక కిలోమీటరు సాగిపోతుంది. అందువల్ల ఎదుటి రైలు కంటబడేదాకా డ్రైవరు వేచి ఉండరాదు. సిగ్నలును చూచే ఆపాలి. పొగమంచు వల్లనో, అలసట వల్లనో ఆ సిగ్నలు దాటిపోతే ప్రమాదం తప్పదు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి సమీపంలో రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొని పదిమందికి పైగా మరణించారు. ఒక రైలు సిగ్నళ్లను దాటిపోయిందని ప్రాథమిక విచారణలో తేలింది. ఆ మార్గంలో అప్పటికి స్వయంచాలక రక్షణ లేదు.

ఇట్టి ప్రమాదాల నివారణకు రూపొందినదే ‘కవచ్’. లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. సంస్థ దేశీయ పరిశ్రమల సహకారంతో దీనిని తయారుచేసింది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు ఆరంభమైనాయి. 2020 జూలైలో ఇది జాతీయ రక్షణ వ్యవస్థగా ఆమోదం పొందింది.

స్లీపర్లకు అమర్చిన చిన్న ట్యాగులు రైలు ఉన్న చోటును ఇంజనుకు తెలుపుతాయి. స్టేషనులోని పరికరం సిగ్నలు స్థితిని రేడియో ద్వారా పంపుతుంది. ఇంజనులోని కంప్యూటరు దూరాన్ని, వేగాన్ని లెక్కగట్టి, హద్దు మీరితే డ్రైవరును హెచ్చరిస్తుంది. అతడు స్పందించకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. 2022 మార్చి 4న తెలంగాణలోని గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా నడిపిన ప్రయోగంలో ఇంజను 380 మీటర్ల దూరంలోనే ఆగిపోయింది.

అయితే కవచ్ సర్వరోగ నివారిణి కాదు. పట్టా విరిగినా, సిగ్నలే తప్పు చూపినా ఇది కాపాడలేదు. మార్గంలోను, ఇంజనులోను ఉంటేనే పనిచేస్తుంది. తొలుత దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర దీనిని నెలకొల్పారు. దేశంలోని రైలు మార్గాల నిడివి సుమారు 69,000 కిలోమీటర్లు. విస్తరణతోపాటు నిపుణుల శిక్షణ కూడా అవసరం. 1957లో స్థాపితమైన సికిందరాబాదు సిగ్నల్ శిక్షణ సంస్థ ‘ఇరిసెట్’ ఆ బాధ్యతను వహిస్తున్నది. పరికరాలు, నిపుణులు రెండూ సమకూరిన మార్గాలలోనే ఒక మనిషి క్షణకాలపు ఏమరుపాటు వందలమందికి ముప్పు కాకుండా ఉంటుంది.