డి విటమిన్ మాత్ర వారానికి ఒక్కటే!

ఒళ్లునొప్పులకు డాక్టరు రాసే డి విటమిన్ మాత్రలో, పొడి పొట్లంలో తరచుగా 60,000 యూనిట్లుంటాయి. సాధారణంగా వారానికి ఒక్కటి, అదీ చెప్పినన్ని వారాలే వాడాలి. తొందరగా తగ్గాలని కొందరు రోజూ మింగేస్తున్నారు. యూరియా రెండింతలు చల్లితే పంట రెండింతలు కాదు కదా! డాక్టరు చెప్పకుండా పెద్దవాళ్లు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు. ఇది దానికి 15 రెట్లు. ఎక్కువైన సి విటమిన్ మూత్రంలో పోతుంది. డి అలా పోదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. దాంతో రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తాయి. ముదిరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందు ఆపినా వారాల తరబడి వదలదు. ఎండలో పనిచేస్తే డి ఎక్కువవుతుందని మాత్రం భయపడక్కర్లేదు. పై లక్షణాలు కనబడితే మందు ఆపి, చీటీతోపాటు ఖాళీ అట్టలు, పొట్లాలు కూడా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికెళ్లండి.