ముందు నడిచినవాళ్ల పేరు అడుగు

సోగత్తూరు,
ధర్మపురి జిల్లా.

చిరంజీవి అమ్మణ్ణికి తాత ఆశీస్సులు.

వచ్చే శనివారం నువ్వు హోసూరు నుంచి అడవి నడకకు పోతున్నావనీ, అయ్యూరు దగ్గర సామి ఏరి దారికి పేరు రాయించుకున్నావనీ మీ నాన్న చెప్పాడు. అది విన్నప్పటినుంచీ అవ్వకు దిగులు. నాకు మాత్రం సంతోషమే. చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ఫోనులో చెబితే గాలికి పోతాయని కాగితం మీద పెడుతున్నాను.

నాకు నీ వయసున్నప్పుడు నలుగురు స్నేహితులం పెన్నాగరం అడవిలో అడ్డదారిన పడి హొగెనకల్ చేరాలని బయల్దేరాం. దారి తెలిసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. మధ్యాహ్నానికి నీళ్లు అయిపోయాయి. ఏ బాట చూసినా పశువుల బాటే. అంతలో గొడ్లు తోలుకొస్తున్న ఒక పెద్దాయన కనబడ్డాడు. మా ముఖాలు చూసి సంగతి గ్రహించి, ఏమీ అడక్కుండా ముందు నడిచాడు.

కొంత దూరం పోయాక చెయ్యెత్తి ఆగాడు. బాట మధ్యలో ఏనుగు లద్దె ఉంది. అందులో అరగని వెదురు పీచు, చింతగింజలు కనబడుతున్నాయి. ఆయన గొంతుక్కూర్చుని చేతి వెనక వైపు దానికి తాకించి చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది. లేచి చిటికెడు దుమ్ము తీసి పైనుంచి జారవిడిచాడు. అది మా మీదుగా ముందుకు కొట్టుకుపోయింది. అంటే మా వాసన ఏనుగులున్న వైపుకే పోతోంది. కన్నడం కలిసిన తమిళంలో మెల్లగా రెండు మాటలు చెప్పి, మమ్మల్ని వంకలోకి దించి, చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. గట్టు అవతల కొమ్మలు విరుగుతున్న చప్పుడు విన్నాం. ఏనుగులు మాత్రం కంటబడలేదు. తారు రోడ్డు ఎక్కించి, ఆయన వెనక్కి తిరిగి తన గొడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను నీకు చెప్పే మొదటి మాట ఆయన దగ్గర నేర్చుకున్నదే. అడవిలో ముందు నడిచేవాళ్ల చెయ్యి చూసి నడువు. చెయ్యి లేస్తే అడుగు ఎక్కడుంటే అక్కడే ఆగు. ఎందుకని అప్పుడు అడగొద్దు, గండం గడిచాక అడుగు. వెనక్కి రమ్మంటే వెనక్కి రా. సామి ఏరి ఇంకో ఫర్లాంగే ఉందని పట్టుబట్టొద్దు. మీతో వచ్చే గైడ్లు చాలావరకు ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే, అడవిలోనే పెరిగినవాళ్లు. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో 14 జిల్లాల్లో 40 నడకదారులు తెరిచినప్పుడు స్థానికులకే ఆ పని అప్పజెప్పింది. అది చాలా మంచి పని. వాళ్లకు కూలి దొరుకుతుంది, నీకు రెండు కళ్లు ఎక్కువగా దొరుకుతాయి.

ఇక సామాన్లు. కొత్త బూట్లతో వెళ్లకు. ఇప్పటినుంచే రోజూ వేసుకుని నడిచి కాలికి అలవాటు చేసుకో. ముందురోజు కాలిగోళ్లు కత్తిరించుకో. కొండ దిగేటప్పుడు వేళ్లు బూటు కొనకు కొట్టుకుని నెత్తురు గడ్డకడుతుంది. ఆకురంగో మట్టిరంగో నిండు చేతుల నూలు బట్టలు వేసుకో, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపు. ఎండుగడ్డిలో పిడుదులుంటాయి. సెంటు పూసుకోవద్దు. రెండు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు ఒక సీసా, వేయించిన శనక్కాయలు, బెల్లం చాలు. పడిపోయిన మాను అడ్డమొస్తే దాటేముందు అవతలేముందో చూడు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకు. ఫోను మోగనీయకు. కోతులకు తిండి వెయ్యకు. తీసుకెళ్లిన కాగితం ముక్క కూడా తిరిగి ఇంటికే రావాలి.

నడుస్తూ చూడాల్సినవి చాలా ఉంటాయి. ఏనుగు కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తే మిగతాదంతా పోగొట్టుకుంటావు. ఎండిన బురదలో గిట్టల అచ్చులు చూడు. కొండగొర్రె అడుగు ఎలా ఉంటుందో అడుగు. మగదాని తల మీద నాలుగు కొమ్ములుండే చిన్న జంతువది. పులికంప ఎక్కడెక్కడ కమ్ముకుందో గమనించు. దాని కింద గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే మేసే జంతువుకు తిండి లేదు. ఏనుగుకు రోజుకు నూట యాభై కిలోల దాకా మేత కావాలి. అవి పొలాల్లోకి ఎందుకు దిగుతాయో అక్కడ నిలబడితే నీకే తెలుస్తుంది. ఇంకోసారి కావేరి ఒడ్డుకు వచ్చినప్పుడు మద్దిచెట్ల మీద బూడిదరంగు పెద్ద ఉడుతనూ, నీళ్లలో నీటికుక్కల గుంపునూ చూపిస్తాను.

మీ నాన్న చిన్నప్పుడు ఈ అడవి పేరెత్తితే గంధపుచెక్కల దొంగ వీరప్పన్ పేరే వినబడేది. 2004 అక్టోబర్ 18న మన పాపరపట్టి దగ్గర అతని కథ ముగిసేదాకా మామూలు మనుషులు లోపల కాలు పెట్టడానికి జంకేవాళ్లు. ఆ తర్వాతే 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022 నవంబర్‌లో మన పెన్నాగరం, పాలక్కోడు అడవులను కూడా కలుపుకుని 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చాయి. అటు కర్ణాటక అడవితో కలిసి ఏనుగులకు తెగని దారి దొరికింది. మీ నాన్నకు మూసి ఉన్న తలుపు నీకు తెరుచుకుంది. ఆ విలువ తెలిసి నడువు.

ఇంకొకటి. ఎండాకాలంలో ఎవరైనా 'దొంగదారిన పోదాం రా' అంటే వెళ్లొద్దు. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా నడకకు వెళ్లినవాళ్లు పోయారు. నీలాంటి పిల్లలే. ఆ తర్వాతే ప్రభుత్వం నడకలకు గట్టి నియమాలు పెట్టింది. గడ్డి ఎండిన నెలల్లో దారులు మూసేది మన ప్రాణం కోసమే.

ఆ రోజు మమ్మల్ని రోడ్డెక్కించిన పెద్దాయన పేరు మేం అడగలేదు. దారి దొరికిన ఆనందంలో దండం కూడా పెట్టలేదు. ఇన్నేళ్లయినా అది నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే నువ్వు తిరిగొచ్చాక ఎంత దూరం నడిచావని అడగను, ఏం చూశావని కూడా ముందు అడగను. నీ ముందు నడిచినవాళ్ల పేరేమిటని అడుగుతాను. తెలుసుకుని రా.

ఆశీస్సులతో,
తాత