నీటికి కాపలా

కుళాయి తిప్పగానే నీళ్లు వస్తాయి. అవి ఎంత దూరం ప్రయాణం చేసి వచ్చాయో సాధారణంగా ఎవరూ ఆలోచించరు. బెంగళూరు నగరానికి కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి వస్తుంది. నది పల్లంలో ఉంది. నగరం మెరకలో ఉంది. అందువల్ల తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి అనే మూడు చోట్ల పంపులు పెట్టి నీటిని అంచెలంచెలుగా పైకి ఎక్కిస్తారు. 2024 అక్టోబరులో ప్రారంభమైన అయిదవ దశ పథకం రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు అందించడానికి ఉద్దేశించినది.

ఇంత శ్రమపడి తెచ్చిన నీటిలో కొంత, గొట్టాల పగుళ్లగుండా నేలపాలవుతుంది. ఏ నగరంలోనైనా ట్యాంకుకు దగ్గరి వీధులలో ధార బలంగా పడుతుంటే, చివరి వీధులలో బిందెలు బారులు తీరి ఉండడం కద్దు.

నీటిని యంత్రమే అదుపు చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపొందించిన స్వయంచాలక తలుపులను 1903లో పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చారు. నీరు హద్దు దాటితే అవి వాటంతట అవే తెరుచుకొనేవి. మట్టం తగ్గగానే మూసుకొనేవి. ఆయన ఇంటిపేరు ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం నుంచి వచ్చినదే.

ఆ తలుపులకు తెలిసినది ఒక్క నీటిమట్టమే. నేటి కృత్రిమ మేధ అంతకంటె ఎక్కువ గమనిస్తుంది. గొట్టాలకు అమర్చిన సెన్సార్లు నీటి ప్రవాహాన్ని, పీడనాన్ని ఎప్పటికప్పుడు కంప్యూటరుకు తెలియజేస్తాయి. పాత లెక్కలను బట్టి ఏ వేళ ఏ పేటకు ఎంత నీరు కావాలో అది ముందే అంచనా వేస్తుంది. దానిని అనుసరించి పంపులను నడపవచ్చు, వాల్వులను తిప్పవచ్చు. అర్ధరాత్రి ఊరంతా నిద్రపోతున్నప్పుడు నీటి వాడకం బాగా తగ్గాలి. అప్పుడు కూడా ఒక పేటకు అలవాటుకు మించి నీరు పోతున్నదంటే, ఎక్కడో గొట్టం పగిలిందని అనుమానించవచ్చు.

అయితే సెన్సారు తప్పు చెబితే యంత్రమూ తప్పు చేస్తుంది. సెన్సారు లేని వీధి కష్టం దానికి కనబడదు. తక్కువ ఖర్చుతో నీరివ్వమని మాత్రమే చెబితే, ఎత్తున ఉన్న పేటకు నీరు తగ్గించడమే మేలని అది లెక్క తేల్చవచ్చు. చివరి ఇంటికీ నీరందాలన్న నియమాన్ని ముందుగా విధించవలసినవాడు మనిషే. పగిలిన గొట్టాన్ని తవ్వి అతికేదీ మనిషే. లెక్క యంత్రానిది, న్యాయం మనిషిది.

ప్రశ్నలు

1. ఖడక్‌వాస్లా తలుపులకూ, కృత్రిమ మేధకూ గల భేదమేమిటి?
2. గొట్టం పగిలినదని గుర్తించడానికి అర్ధరాత్రి ఎందుకు అనుకూలమైన వేళ?
3. మీ వీధికి నీరు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకొని పది వాక్యాలు రాయండి.