పొడుగుకాళ్ల ఈగ

గత మార్గశిర మాసమున మా పాఠశాల తోటలోని చిక్కుడు పాదులకు పేనుబంక పట్టెను. ఇచ్చట అవరెకాయ యనునది ఆ చిక్కుడే. ఆకులపై పచ్చగా మెరయు చిన్న యీగలు కూడ కనబడగా, తెగులు తెచ్చినవి యవియే యని తలచి మేము పురుగుమందు చల్లించితిమి. మరునాడు ఏడవ తరగతి బాలిక యొకతె చచ్చిన యీగను కాగితముపై పెట్టి తెచ్చినది. "మాస్టారూ, ఇది నిన్న పేనుబంకను పట్టుకొని తింటుంటే చూశాను. దీన్నెందుకు చంపాము?" అని యడిగినది. మాకు సమాధానము తోచలేదు.

ఆ బాలిక చూచినది నిజమే. ఇది డోలికోపోడిడే యను కుటుంబమునకు చెందిన యీగ. గ్రీకు భాషలో 'డోలికోస్' అనగా పొడుగైనది. చిక్కుడునకు శాస్త్రజ్ఞులు పూర్వము వాడిన డోలికస్ అను పేరును ఆ మాట నుండియే వచ్చినది! ఈ కుటుంబమున 7,000కు పైగా జాతులు కలవు. తోటలలో మనకు కనబడు వానిలో కాండిలోస్టైలస్ ప్రజాతి యొకటి. మన పిల్లలు వీథిలో 'నొణ' యనియు, ఇంటిలో 'ఈగ' యనియు అందురు గాని దీనికి వేరు పేరెరుగరు. కావున మేమే పొడుగుకాళ్ల ఈగ యని పిలిచితిమి.

దీనిని గుర్తించుట కష్టము కాదు. పొడవు కొలది మిల్లీమీటర్లు మాత్రమే. సన్నని దేహము ఆకుపచ్చ లోహమువలె తళతళలాడును; ఒక్కొక్కప్పుడు నీలిచాయయు, రాగిచాయయు తోచును. కన్నులు పెద్దవి. సన్నని పొడుగు కాళ్లపై దేహమును ఎత్తి నిలిచి, ఎండ పడిన ఆకుపై అటునిటు చురుకుగా పరుగెత్తును. కొన్నిటి రెక్కలపై నల్లని మచ్చలుండును. మాంసముపైనను మురికిపైనను వాలు పచ్చ యీగ వేరు; అది లావుగా నుండును, కాళ్లు పొట్టివి. అయితే ఏ జాతియో తేల్చుటకు మాత్రము సూక్ష్మదర్శిని కావలెను.

పేనుబంక, తామరపురుగులు, నల్లులు మొదలగు మెత్తని ప్రాణులను పట్టి, చీల్చి, వాని రసమును పీల్చును. మనుష్యులను కుట్టదు. మగ యీగలు ఆడ యీగల యెదుట రెక్కలాడించి, కాళ్లు చాచి నాట్యము చేయును. దీని పిల్లపురుగులు తడిమట్టిలోను, కుళ్లిన ఆకులలోను పెరుగును. వానిలో పెక్కు అచ్చటి చిన్న ప్రాణులను తినును. పిమ్మట మట్టిరేణువులను అంటించి గూడు కట్టుకొనును. గూటిలోని ప్యూపా తలవైపున గల రెండు కొమ్ములవంటి గొట్టములతో గాలి పీల్చును. కావున రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టినచో దీని పుట్టిల్లే పోవును. ఈ పని మన యిండ్లలో ప్రతిదినము జరుగుచున్నది.

హైదరాలీ 1760లో ప్రారంభించిన లాల్‌బాగునకు పిల్లలను తీసికొని పోవునప్పుడు, ఉదయపు వేళ వెడల్పాటి ఆకులను ఒక నిమిషము కదలక చూడుడు. నీడ పడగానే ఎగిరిపోవును.

ఈ యేడు మేము మందు చల్లలేదు. పేనుబంక పట్టిన కొనలను త్రుంచి, తక్కిన వానిని నీటిధారతో కడిగించుచున్నాము. కొంత కాపు పోయినది, నిజమే. ఆ బాలిక ఈగలను లెక్కించి నోటుబుక్కులో వ్రాయుచున్నది. ఈ వ్యాసము వ్రాయునాటికి లెక్క 11.