గిటారు వెల, గిటారు విలువ

గత మార్చి మాసమున మా విద్యార్థి తండ్రి యొకరు, గుంటూరు యార్డులో మిరపకాయలమ్ముకొని తిరిగివచ్చుచు, మా యొద్దకు వచ్చిరి. "మాస్టారూ! పిల్లవాడు గిటారు కావాలని రెండేండ్లుగా అడుగుతున్నాడు. ఎనిమిదివేలు తీసి పెట్టినాను. నిరుడు చెప్పిన వెల కిప్పుడు ఇవ్వమంటున్నారు. ఏది కొనమంటారు?" అని యడిగిరి. ఎర్రని యెండలో కోసిన కాయల సొమ్మది. దానికి తగిన జవాబు చెప్పవలెనని మేము కొంత ఆలోచించితిమి. ఆ ఆలోచననే యిచ్చట వ్రాయుచున్నాము.

వెల లేల పెరిగెను? గిటారుకు కావలసినది మంచి కఱ్ఱ. అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు 1969లో బ్రెజిలు దేశపు కఱ్ఱను మాని, మన దక్షిణదేశపు జిట్రేగిని వాడ నారంభించిరి. అడవులు తరిగిపోవుచున్నవని 2017 జనవరి 2 నుండి జిట్రేగి జాతి యంతటి వ్యాపారము అంతర్జాతీయ నిబంధనలకు లోనయ్యెను. పూర్తిగా తయారైన వాద్యములకు 2019 నవంబరులో మినహాయింపు లభించెను. ఇక డాలరు సంగతి. 2010లో సుమారు 45 రూపాయలుండిన డాలరు 2022లో 80 దాటెను. విదేశపు సరుకు మాట యటుంచి, కలకత్తాలో తయారగు గిటారుకు సైతము తీగెలో బిరడలో బయటినుండి వచ్చినచో ఆ బరువు దానిమీదను పడును. 2017 జూలైలో వచ్చిన వస్తుసేవల పన్ను వాద్యములపై మొదట 28 శాతముండి, ఆ నవంబరులో 18 శాతమునకు దిగెను. కావున అంగడిలో చెప్పు వెల పన్నుతో కూడినదా కాదా యని ముందుగా అడుగవలెను. 2020లో జనులు ఇండ్లలో నిలిచిపోయినప్పుడు గిటారు నేర్వగోరువారు లోకమంతట హెచ్చిరి. ఇవి మన చేతిలో లేని సంగతులు.

మన చేతిలో నున్నది వేరొకటి కలదు. దానిని మేము నష్టపడి నేర్చుకొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాల గాయకబృందమునకు ఒక గిటారు కొంటిమి. నల్లని మెఱుగు, అంచున ముత్యపుచిప్ప వంటి తళుకు. చూచి మురిసి, బేరమాడక తెచ్చితిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె దానిని వాయించెడిది. మెడ మొదట వాయించినప్పుడు బాగుగనే యుండెడిది. పైమెట్లకు పోగానే హార్మోనియముతో కలియక చెవులకు ముల్లు గుచ్చినట్లుండెడిది. "నీకు శ్రుతిజ్ఞానము లే"దని మేము పదిమందిలో కోపించితిమి. ఆ బాలిక మరునాటినుండి బృందమునకు రాలేదు. ఆరు నెలల పిమ్మట గణితము చెప్పు మా సహోపాధ్యాయుడు టేపు పట్టి కొలిచి చూపువరకు, తప్పు బాలికది కాదు, గిటారుదని మాకు తెలియలేదు.

ఆయన కొలిచినదేమి? తీగె పొడవు సగమైనచో స్వరము ఒక స్థాయి పెరుగును. ఆ స్థాయిని గిటారుపై పండ్రెండు మెట్లుగా విభజింతురు. గెలీలియో తండ్రియైన విన్చెంజో గలీలీ 1581లో ప్రకటించిన గ్రంథమున, ప్రతి మెట్టును మిగిలిన తీగె పొడవులో 18వ వంతు దూరమున నుంచవచ్చునని చెప్పెను. నేటి సరియైన లెక్క 17.817వ వంతు. 650 మిల్లీమీటర్ల తీగెకు మొదటి మెట్టు సుమారు 36 న్నర మిల్లీమీటర్ల దూరమున వచ్చును. పండ్రెండవది సరిగా 325 వద్ద, అనగా నట్టనడుమ, నిలుచును. 18తో లెక్కించిన యెడల అది దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ముందుగా వచ్చును. పదవ తరగతివారు దీనిని కాగితముపై వేసి చూడవలెనని కోరుచున్నాము.

తీగెను నొక్కునప్పుడు బిగువు పెరిగి స్వరము కొంచెము హెచ్చును. అందుచే తయారుచేయువారు బ్రిడ్జిని రెండుమూడు మిల్లీమీటర్లు వెనుకకు జరుపుదురు. అది దోషము కాదు. మా గిటారులో మాత్రము పండ్రెండవ మెట్టునుండి బ్రిడ్జి వరకుగల భాగము, పై భాగముకంటె ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువగా నుండెను. ఏ బిరడ త్రిప్పినను అది కుదిరెడిది కాదు.

కావున అంగడికి టేపు తీసికొని పొండు. కొలిచిన పిమ్మట చెవితో పరీక్షింపుడు. పండ్రెండవ మెట్టుపై తీగెను వ్రేలితో తాకీతాకనట్లుంచి మీటి, మరల అచ్చటనే గట్టిగా నొక్కి మీటవలెను. రెండును ఒకే స్వరము పలుకవలెను. మెడను బాణమును చూచినట్లు ఒక కన్ను మూసి చూడవలెను. పండ్రెండవ మెట్టుపై తీగె రెండుమూడు మిల్లీమీటర్లకంటె మిక్కిలి యెత్తుగా నున్నచో పిల్లల వ్రేళ్లు బొబ్బలెక్కి, నెల తిరుగకముందే గిటారు గోడ కెక్కును. పైపలక ఒకే కఱ్ఱయైనచో నాదము మేలు, కాని మన వేసవి యెండకు అది పగులగలదు. మొదటి గిటారుకు ప్లైవుడ్డు పలక చాలును. తళుకునకు, పేరునకు పెట్టు సొమ్ము మానుకొన్నచో వెల పెరిగిన ఈ దినములలోను ఐదారువేలకు సరియైనది దొరకును. ఆన్‌లైనులో వెల తగ్గవచ్చును గాని ముందుగా కొలువ వీలులేదు. తిరిగి పంపు గడువు చూచుకొని, వచ్చిన దినముననే కొలువవలెను.

ఆ తండ్రితో మేమును గుంటూరు పోతిమి. మూడు గిటార్లు కొలిచి విడిచితిమి. అంగడివాడు మొదట విసుగుకొని, తరువాత తానే టేపు కొన పట్టుకొనెను. నాలుగవది, మెఱుగులేనిది, కుదిరెను. మిగిలిన సొమ్ముతో రెండు జతల తీగెలు, ఒక సంచి కొని, పదునాలుగు వందలు ఆయన జేబులోనే మిగిలెను.

ఆ బాలిక యింటికి మేము స్వయముగా పోయి మా తప్పు ఒప్పుకొంటిమి. అప్పటికే ఆమె ఇంటరు చదువుటకు వేరొక ఊరు వెళ్లియుండెను. తల్లితో చెప్పి వచ్చితిమి. ఆ నల్లని గిటారు ఇప్పుడు గణితపు గదిలో వ్రేలాడుచున్నది. ప్రతి జూన్‌లోను పదవ తరగతివారు దానిని దించి కొలుచుచున్నారు.