వెంటాడుట
(పాఠము: ఫిలిప్పీయులకు 3:6–14)



వెంటాడుట యనగా నేమో మన చిత్తూరు సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పలమనేరు, కుప్పము ప్రాంతములలో అడవి ఏనుగులు చెఱకుతోటలలో పడినప్పుడు రైతులు డప్పులు మ్రోగించి వాటిని తరుముదురు. ఒక్కొక్కప్పుడు ఏనుగే తిరిగి మనుష్యుని తరుమును. సాయంకాలమున మేతనుండి వచ్చిన ఆవు వెంట దూడ పరుగెత్తును. రైతును పరుగెత్తించునది పంటను గూర్చిన చింత, ఏనుగును పరుగెత్తించునది కోపము, దూడను పరుగెత్తించునది ఆకలి.

పరిశుద్ధ గ్రంథములోను ఈ మాట పలు విధముల వాడబడినది. ఫరో ఇశ్రాయేలీయులను తరిమినప్పుడు (నిర్గమ 14:8), సౌలు దావీదును అరణ్యములో తరిమినప్పుడు (1 సమూ. 23:25) హెబ్రీ భాషలో ‘రాదఫ్’ అను క్రియ యున్నది. అట్లు తరుమబడిన దావీదు పేరనున్న 34వ కీర్తన 14వ వచనములో సమాధానమును వెంటాడుమని బోధించుటకును అదే క్రియ. 23వ కీర్తన చివర దేవుని కృప మన వెంట వచ్చునని చెప్పుచోటను అదే. శత్రువు ఎంత పట్టుదలతో తరుమునో, కృపయు అంత పట్టుదలతో మన వెంటబడుచున్నదన్నమాట.

గ్రీకులో ఈ మాట ‘డియోకో’. తాను సంఘమును హింసించిన సంగతి చెప్పుటకు పౌలు వాడిన మాట ఇదియే (6వ వచనము). క్రీస్తు కొరకు గురివైపు పరుగెత్తుటను చెప్పుటకును అతడు దీనినే వాడెను (12, 14). దమస్కు మార్గమున ప్రభువు అతని పరుగును ఆపివేయలేదు, దాని త్రోవను మార్చెను.

ఇక మన సంగతి చూతము. గట్టు కొరకు, బోరుబావి నీటి కొరకు అన్నదమ్ములము ఏండ్ల తరబడి కోర్టుకు తిరుగుదుము. బస్సుచార్జీకి అప్పు చేసియైనను వాయిదా తప్పము. న్యాయ మడుగుట పాపమని మేము చెప్పము. అయితే ఆ పట్టుదలలో సగమైనను చూపి తమ్ముని గడపవరకు నడిచితిమా? పండుగనాడు వాని బిడ్డను పిలిచి అన్నము పెట్టితిమా? అందరితో సమాధానముగా నుండుటను గూర్చి హెబ్రీ 12:14లో చెప్పినప్పుడును ఆ ‘డియోకో’ అను మాటయే యున్నది. సమాధానము ఏనుగువలె తనంతట తాను మన చేనిలోనికి రాదు. మనమే దాని వెంటబడవలెను.

ఈ నెల ప్రభు భోజనపు బల్లయొద్దకు వచ్చుటకు ముందు మనలను మనము ప్రశ్నించుకొందము: మన కాళ్లు దేని వెంట పరుగెత్తుచున్నవి? మన వెంట వచ్చుచున్న కృపకు ఒక్కసారి నిలిచి పట్టుబడితిమా?